కుక్కలబండి ఊరిని కాపాడదు

శృంగవరపుకోటలో వీధికుక్కల మాట ఎక్కడ వచ్చినా చివరికి తేలే తీర్పు ఒకటే. పట్టించేయాలి, బండెక్కించి అరకు ఘాట్ రోడ్డులో ఎక్కడో దించేసి రావాలి, అదీ కాకపోతే మందు పెట్టేయాలి. కుక్కల మీద జాలి చూపేవాళ్లకు పిల్లల మీద జాలి లేదని కూడా అంటారు.

ఈ మాటలనేవాళ్లు దుర్మార్గులు కారు. తెల్లవారుజామున ట్యూషన్‌కు వెళ్లే పిల్లాడి సైకిలు వెనక నాలుగు కుక్కలు పడితే ఆ తల్లి ఎంత హడలిపోతుందో ఎవరికైనా తెలుసు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో ఒక నాలుగేళ్ల బాబు, 2025 ఏప్రిల్‌లో గుంటూరులో మరో నాలుగేళ్ల బాబు వీధికుక్కల దాడిలోనే చనిపోయారు. భయం నిజమైనదే, చెబుతున్న మందే తప్పు. కుక్కల్ని తరిమేసినా చంపేసినా పిల్లలకు ముప్పు తగ్గదు, పెరుగుతుంది.

పట్టేవాళ్లు వచ్చినప్పుడు ముందుగా చిక్కే కుక్క ఏదో గమనించండి. బిస్కెట్ చూపిస్తే తోకాడించుకుంటూ వచ్చేది, వీధిలో అందరికీ అలవాటైనది, ఎవరినీ కరవనిది. మనిషి అలికిడికే పారిపోయే బెదురు కుక్క దొరకదు. భయంతో కరిచే అవకాశం ఉన్నదీ అదే. బండి వెళ్లిపోయాక వీధిలో మిగిలేవి అలాంటివే. టీకా వేయించుకున్న కుక్క కూడా మనిషికి మచ్చికైనదే కాబట్టి బండితో పాటు ఆ టీకా రక్షణ కూడా ఊరు దాటిపోతుంది. ఒక ప్రాంతంలో కుక్కల నుంచి రేబిస్ ఆగిపోవాలంటే వాటిలో 70 శాతానికి టీకా పడి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనం టీకా పడినవాటినే ఏరి పంపేస్తే ఆ 70 శాతం ఎప్పటికి పూర్తవుతుంది?

ఖాళీ అయిన వీధి ఖాళీగా ఉండదు. చికెన్ కొట్ల వెనక పారేసిన పేగులు, ఈకలు, హోటళ్ల ఎంగిలాకులు ఎక్కడివక్కడే ఉన్నప్పుడు, కాపలా కాసే పాత కుక్క లేనప్పుడు, పక్కూళ్ల నుంచి కొత్తవి దిగుతాయి. మన పిల్లలు వాటికి తెలియదు, అవి మన పిల్లలకు తెలియవు. మిగిలిన ఆడకుక్కలకు తిండి పోటీ తగ్గుతుంది కాబట్టి వాటి పిల్లలు ఎక్కువ బతుకుతాయి. కొంతకాలానికి లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ఇది ఊహ కాదు. మద్రాసు నగరపాలక సంస్థ 1860 నుంచి కుక్కల్ని పట్టి చంపుతూ వచ్చింది. 1996 నాటికి రోజుకు 135 చొప్పున చంపాల్సి వచ్చేదని జంతు సంరక్షణ సంస్థ బ్లూక్రాస్‌కు చెందిన చిన్ని కృష్ణ చెప్పేవారు. నూటముప్పై ఏళ్లకు పైగా చంపినా వీధుల్లో కుక్కలు తగ్గలేదు, రేబిస్ పోలేదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి టీకా వేసే పద్ధతికి ఆ నగరం మారింది 1996లోనే. ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవికి 1997లో రేబిస్ వచ్చినప్పుడు అక్కడి కుక్కల్లో దాదాపు సగాన్ని చంపేశారు. రేబిస్ మాత్రం దీవిని వదల్లేదు. ఇటు గోవాలో ఏటా ఇల్లిల్లూ వీధివీధీ తిరిగి కుక్కలకు టీకాలు వేశారు. 2021లో అది దేశంలోనే మొదటి రేబిస్ నియంత్రిత రాష్ట్రంగా ప్రకటించుకుంది.

అయినా మన తెలుగు నేల మీద విషం సూదులు, తుపాకులు ఆగలేదు. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో ఇరవై దాకా కుక్కల్ని రాత్రికి రాత్రి కాల్చిపారేశారు. చంపడం నేరం. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు.

ఘాట్ రోడ్డులో దించేయమనే మాట నన్ను ఇంకా ఎక్కువ బాధపెడుతుంది. ఆ కొండ మీద అనంతగిరి మండలంలోని గిరిజన గూడేలున్నాయి. మనల్ని కుక్క కరిస్తే ఆటో ఎక్కి ఆసుపత్రికి పోతాం. వాళ్లు కొండ దిగి రావాలి. ఆకలితో ఉన్న కుక్కల్ని వాళ్ల కోళ్ల మీదకు, మేకల మీదకు, పిల్లల మీదకు తోలేసి మన ఊరు బాగుపడిందనుకోవడం అన్యాయం.

సుప్రీంకోర్టే తీసేయమందిగా అని వాదించేవాళ్లున్నారు. 2025 ఆగస్టు 11న ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లలో పెట్టమన్న మాట నిజమే. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది. రేబిస్ సోకినవి, దూకుడుగా మీదపడేవి తప్ప మిగతావాటికి ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలంది. నవంబరు 7 నాటి ఉత్తర్వు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల వంటి ఆవరణలకు సంబంధించింది. అక్కడి నుంచి తీసినవాటిని షెల్టర్‌లో ఉంచాలి, ఆ ఆవరణలకు కంచె కట్టాలి. బడి ఆవరణలో కుక్క ఉండకూడదనడంలో నాకు ఏ పేచీ లేదు. అంతమాత్రాన ఊరంతటికీ షెల్టరు కట్టించమంటే, ఒక్కో కుక్కకు పదేళ్ల పైచిలుకు రోజూ తిండి ఎవరు పెడతారు? ఆపరేషన్ ఒక్కసారి చేస్తే చాలు.

జంతు జనన నియంత్రణ నిబంధనలు, 2023 ఈ బాధ్యతను పంచాయతీలతో సహా స్థానిక సంస్థల మీద పెట్టాయి. మా దగ్గర డబ్బుల్లేవు, డాక్టరు లేడు అంటే సరిపోదు. ఒక్క పంచాయతీకి భారమైతే చుట్టుపక్కల మండలాలు కలిసి, గుర్తింపు ఉన్న సంస్థతో ఒక ఆపరేషన్ కేంద్రం నడుపుకోవచ్చు. విశాఖలో వీఎస్‌పీసీఏ అనే సంస్థ 1996 నుంచి జంతు సంరక్షణ పని చేస్తోంది. అనుభవం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు.

పనికి అదను కూడా చూసుకోవాలి. చిత్తకార్తె కుక్కల సంగతి మన పెద్దలకు తెలిసిందే. అక్టోబరులో అవి జతకడతాయి, గుంపులు కట్టి కొట్లాడుకుంటాయి. రెండు నెలలు గడిచేసరికి చలికాలంలో పిల్లలు పుడతాయి. తల్లికుక్క పిల్లల కోసం మీదపడి కరిచేదీ అప్పుడే. అంటే ఆడకుక్కల ఆపరేషన్లు సెప్టెంబరు చివరికి పూర్తయి తీరాలి. సంక్రాంతి వెళ్లాక మొదలుపెడితే అప్పటికే పిల్లలు పుట్టేసి ఉంటాయి.

తిండి పెట్టే దయగలవారికీ ఒక మాట. పెట్టండి, కానీ బడి గేటు దగ్గర, నలుగురు నడిచే దారిలో వద్దు. మీరు తిండి పెట్టే కుక్కకు ఆపరేషన్ అయ్యేదాకా మీ బాధ్యత తీరలేదు. మీకు మచ్చికైన కుక్కను తేలిగ్గా పట్టి అప్పగించగలిగేది మీరే.

కుక్క కరిస్తే పసరు, సున్నం, కాఫీపొడి జోలికి పోకండి. కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగి, వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. టీకా అన్ని డోసులూ వేయించుకోండి. చర్మం తెగి రక్తం వస్తే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజక్షన్ గురించి అడగండి. కరిచిన కుక్కను కొట్టి చంపొద్దు. వైద్యం ఆపకుండానే దాన్ని పది రోజులు గమనించాలి. పది రోజుల తర్వాతా అది ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాటికి దానికి రేబిస్ లేనట్టే. చచ్చిన కుక్క ఆ కబురు చెప్పలేదు.

ఆగస్టు 15న గ్రామసభ జరిగితే శృంగవరపుకోట వాళ్లు మూడు ప్రశ్నలు అడగండి. ఊళ్లో కుక్కలెన్ని, వాటిలో ఎన్నింటికి టీకా పడింది, చికెన్ వ్యర్థాలు ఎక్కడికి పోతున్నాయి? జవాబు రిజిస్టరులో రాయించేదాకా కుర్చీలోంచి లేవకండి.