పాత చెక్కకి కొత్త మెరుపెందుకు?

ఊళ్లో పెంకుటిల్లు అమ్మకానికి పెట్టగానే పంపకాలు మొదలవుతాయి. పొలం, బంగారం సంగతి పెద్దలు తేలుస్తారు. నాయనమ్మ బోషాణం, తాతయ్య పడక్కుర్చీ, పందిరిమంచం మాత్రం ఎవరి ఇల్లు కాస్త విశాలంగా ఉంటే వాళ్లింటికి చేరతాయి. అసలు గండం అక్కడే ఉంది. ‘అబ్బ, ఎంత నల్లగా ఉందో’ అంటూ ఒకరు సబ్బునీళ్లు పోసి పీచుతో రుద్దేస్తారు. ఇంకొకరు వడ్రంగిని పిలిచి గరుకు కాగితం పట్టించి, అద్దంలా మెరిసే పాలిష్ కొట్టిస్తారు. ఎనభై ఏళ్లపాటు వానలకీ చెదలకీ లొంగని సామాను ఒక్క ఆదివారం శుభ్రతకి లొంగిపోతుంది!

నిజానికి ఆ నలుపంతా మురికి కాదు. టేకు వయసుతోపాటు ముదురు తేనె రంగుకి తిరుగుతుంది. దానిమీద పాత పాలిష్, ఏళ్ల తరబడి తాకిన చేతులు, తుడిచిన గుడ్డలు కలిసి ఓ మెత్తని నిగారింపు తెస్తాయి. కుర్చీ చేతుల దగ్గర, బోషాణం మూత అంచున ఇది బాగా కనిపిస్తుంది. ఆ పొర మందం కాగితమంత ఉంటే గొప్ప. మిషన్‌తో ఒక్కసారి గీకితే పోతుంది. మళ్లీ రావాలంటే ఇంకో రెండు తరాలు ఆగాల్సిందే. చెక్కిన పువ్వుల అంచులూ మొద్దుబారిపోతాయి. కొన్ని బోషాణాల మూత లోపలివైపు బొగ్గుతో రాసిన ధాన్యం లెక్కలో, పిల్లలు పుట్టిన తేదీలో ఉంటాయి. ‘కొత్తదానిలా చేసిస్తాం’ అనే దుకాణం వాళ్లకి అవి ఉత్త గీతలే. పాత వస్తువుల విలువ తెలిసి కొనేవాళ్లు మాత్రం ముందుగా చూసేది ఈ పైపొర అసలుదా కాదా అనే.

తాతల నాటి మంచి సామాను మీద ఉన్నది చాలాసార్లు లక్క పాలిష్. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు స్రవించే బంకని శుద్ధిచేసి, స్పిరిట్‌లో కరిగించి, గుడ్డలో చుట్టిన దూది ఉండతో పొరలు పొరలుగా రుద్దేవారు. స్పిరిట్‌లో కరిగింది మళ్లీ స్పిరిట్ తగిలితే కరుగుతుంది. పరీక్ష కూడా అదే... కంటికి కనబడని చోట, కాలికి లోపలివైపు, దూదితో ఒక్క చుక్క స్పిరిట్ అద్ది చూడాలి. జిగటగా మారితే లక్కే. మారకపోతే వార్నిషో, ఆ తర్వాత ఎవరో కొట్టించిన మరో పూతో అయి ఉంటుంది. లక్క పాలిష్ ఉన్న బల్లమీద శానిటైజర్, సెంటు సీసాలు పెట్టకపోవడం మేలు. 2020 తర్వాత ఎన్ని ఇళ్లలో టీపాయ్‌ల మీద చేతివేళ్ల ముద్రలు శాశ్వతంగా పడ్డాయో!

చెక్కపనిలో మనవాళ్ల పేరు చిన్నదేం కాదు. 18వ శతాబ్దిలో విశాఖపట్నం పనివాళ్లు జిట్రేగి, గంధపు చెక్కలకి దంతపు పలకలు పొదిగి పెట్టెలు, కుర్చీలు, రాతబల్లలు చేస్తే ఈస్టిండియా కంపెనీ దొరలు ముచ్చటపడి ఓడల్లో పట్టుకెళ్లారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ అవి ఉన్నాయి. అలాంటివాటిని కాపాడే నిపుణులు పాటించే సూత్రం ఒకటుంది... వీలైనంత తక్కువ చెయ్యాలి, చేసినదాన్ని రేపు మరొకరు తీసేయగలిగేలా చెయ్యాలి. మైనం పూస్తే తీసేయొచ్చు. గీకేసిన చెక్కని ఎవరు తెచ్చిస్తారు? ఇంట్లో బోషాణానికైనా ఇదే కొలత.

మరి శుభ్రం చేయడమెలా? ముందు దుమ్ము పోవాలి. నగిషీల్లోకి మెత్తటి బ్రష్షు, మిగతాచోట్ల పాత నూలు చొక్కా గుడ్డ చాలు. గుండీలు మాత్రం కోసేయాలి, లేకపోతే గీతలు పడతాయి. జిడ్డు పేరుకుని ఉంటే మగ్గు నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి, గుడ్డ ముంచి గట్టిగా పిండాలి. గుడ్డ తాకితే చల్లగా అనిపించాలే తప్ప చేతికి నీళ్లు అంటకూడదు. అరచేయంత మేర తుడవడం, వెంటనే పొడిగుడ్డతో ఒత్తడం... అలా కొంచెం కొంచెంగా సాగాలి. పాలిష్ లేచిపోతున్న చోటు జోలికి వెళ్లొద్దు. ఇత్తడి గొళ్లేలకి చింతపండు పట్టించే అలవాటు చాలామందికి ఉంది. పులుసు చుట్టూ ఉన్న చెక్కలోకి దిగి మచ్చలవుతుంది. ఇత్తడి కాస్త నల్లగా ఉంటే ఉండనివ్వండి.

ఇక నూనెలు. కొబ్బరినూనె రాస్తే ఆ పూటకి చెక్క నిగనిగలాడుతుంది. కానీ అది ఎప్పటికీ ఆరదు. వీధిలోని దుమ్మంతా దానికే అంటుకుని, రెండేళ్లకి నల్లటి జిగురవుతుంది. అవిసె నూనె ఆరుతుంది కానీ ఏళ్లు గడిచేకొద్దీ నల్లబడుతుంది, తీయడం కష్టం. పైగా ఆ నూనె తడిసిన గుడ్డల్ని కుప్పగా పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. బయట పరిచి ఆరబెట్టాకే పారేయాలి. బజార్లో దొరికే తళుకు స్ప్రేలలో కొన్నింట్లో సిలికాన్ ఉంటుంది. అది ఇంకితే రేపెప్పుడైనా పాలిష్ చేయించాలన్నా పట్టదు.

అన్నింటికన్నా తేనెమైనం నయం. ఒక వంతు మైనం తురిమి, మూడు వంతుల టర్పెంటైన్‌లో వేసి, సీసా మూతపెట్టి రెండు మూడు రోజులు వదిలేస్తే పేస్టులా అవుతుంది. పొయ్యిమీద పెట్టి కరిగించే సాహసం వద్దు, టర్పెంటైన్ భగ్గుమంటుంది. బఠాణీ గింజంత తీసుకుని పలచగా రాసి, పావుగంట ఆగి, పొడిగుడ్డతో మెరుగు పెట్టాలి. ఏడాదికోసారి సరిపోతుంది. ఎక్కువ రాస్తే మెరుపు రాదు, మసక వస్తుంది.

కాఫీ గ్లాసు పెట్టినచోట తెల్లటి వలయం పడిందా? తేమ పాలిష్ పొరలోనే చిక్కుకుందన్నమాట. కొన్నిరోజులు ఆరనిస్తే చాలాసార్లు అదే పోతుంది. టూత్‌పేస్టుతో రుద్దితే మచ్చతోపాటు పాలిషూ పోతుంది. మచ్చ నల్లగా ఉంటే మాత్రం నీళ్లు చెక్కలోకి దిగినట్లే. అది ఇంట్లో అయ్యే వైద్యం కాదు.

చెక్క వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుంటుంది. ఆగస్టులో సొరుగు బిగుసుకుందని చిత్రిక పట్టిస్తే మే నెలకి లొడలొడలాడుతుంది. కొవ్వొత్తి ముక్కతో సొరుగు అంచుల్ని రుద్దితే సాఫీగా జారుతుంది. ఏసీ గాలి నేరుగా తగిలే చోట, మిట్టమధ్యాహ్నం ఎండ పడే కిటికీ పక్కన పెట్టొద్దు. రోజూ నేల తుడిచే నీళ్లు కాళ్ల అడుగు నుంచి పైకి పాకుతాయి కనుక గ్రానైటు ముక్కలు పెట్టి కాస్త ఎత్తాలి. పడక్కుర్చీ పేము అల్లిక కుంగితే, కిందివైపు నుంచి గోరువెచ్చటి నీళ్ల గుడ్డ అద్ది నీడలో ఆరనిస్తే మళ్లీ బిగుస్తుంది.

కింద పొడి రాలుతుంటే ఆ పొడిని చూడాలి. గోధుమపిండిలా మెత్తగా ఉంటే పుచ్చు పురుగు. గసగసాల్లా గింజలుగా ఉంటే పొడిచెక్కలోనే కాపురముండే చెద. మట్టిగీతలు కనిపిస్తే నేలలోంచి వచ్చింది. ఒక్కోదానికి ఒక్కో మందు. పాత రంధ్రాలున్నంత మాత్రాన పురుగు ఉన్నట్టు కాదు. శుభ్రంగా ఊడ్చి, కింద నల్లకాగితం పరిచి వారం తర్వాత చూస్తే తేలిపోతుంది. ఉందని తేలితే ముందు మిగతా సామానుకి దూరంగా జరిపి, ఆ తర్వాత మనిషిని పిలవాలి. మేడమీద ఎండబెట్టే చిట్కా వద్దు. పురుగు లోపల బాగానే ఉంటుంది, అతుకులే ఊడతాయి.

బోషాణాన్ని అమెరికాలో ఉన్న అబ్బాయికో అమ్మాయికో పంపాలనుకునేవాళ్లు మరో రెండు సంగతులు చూసుకోవాలి. చలికాలంలో హీటర్లు నడిచే ఇళ్లలో గాలి బాగా పొడిబారుతుంది, మన గాలికి అలవాటుపడిన చెక్క పగుళ్లిస్తుంది. రెండోది చట్టం. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన పనితనమున్న వస్తువుల్ని సొంతంగా దేశం దాటించడం నేరం. వయసు మీద అనుమానముంటే, అది పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వే శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. ప్యాకింగ్ వాళ్లకి అడ్వాన్సు ఇచ్చేముందే ఆ పని చూసుకోవాలి.