మందు పూశారా, పట్టించారా?

మా పెరటి గుమ్మానికి చెద పట్టింది. చేయించి మూడేళ్లే. "మందు పట్టించిన చెక్కే సార్" అని వడ్రంగి మేస్త్రీ ఒట్టేశాడు. అబద్ధమని అనలేను. నిజమని తేల్చుకోవడం ఎలా?

మా మేనకోడలు హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తుంది. బిళ్లలో మందెంత ఉందో చూసే హెచ్‌పీఎల్‌సీ యంత్రమే (ద్రవ క్రొమటోగ్రఫీ అంటారు) చెక్కలో పురుగుమందునీ లెక్కగడుతుందట. "పొట్టు తెచ్చిస్తా, చూసిపెట్టవే" అన్నాను. "కంపెనీ యంత్రం మీద మీ గుమ్మం పెడితే నా ఉద్యోగం ఊడుతుంది మావయ్యా" అని నవ్వి, పద్ధతి మాత్రం ఓపిగ్గా చెప్పింది.

ఇమిడాక్లోప్రిడ్ అనే మందే తీసుకోండి. చెక్కను మెత్తటి పొట్టు చేసి, తూచి, మిథనాల్ లాంటి ద్రావకంలో వేసి బాగా కదిలిస్తారు. మందు అందులోకి దిగుతుంది. వడగట్టి, చుక్కలో సగం కూడా లేనంత తీసి, సన్నటి పొడి కూరిన జానెడు స్టీలు గొట్టంలోకి ఒత్తిడితో పంపిస్తారు. ఒక్కో పదార్థం ఒక్కో వేళకి బయటపడుతుంది. చివర్లో 270 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి కాపలా. మందు దాటగానే తెర మీద గీత శిఖరంలా లేస్తుంది. తెలిసిన మోతాదు శిఖరంతో పోల్చి లెక్క కడతారు.

చిక్కంతా చెక్కతోనే. దాని రంగు, జిగురు కూడా ద్రావకంలోకి దిగి మందు శిఖరాన్ని కప్పేస్తాయి. అందుకే మందు తగలని అదే జాతి చెక్కను విడిగా పరీక్షిస్తారు. దానికి తెలిసినంత మందు కలిపి, ఎంత తిరిగొచ్చిందో చూస్తారు. వంద పాళ్లు కలిపితే డెబ్బయ్యే వస్తే, లెక్క ఆ మేరకు తక్కువ చూపిస్తున్నట్టే.

(అన్ని మందులకీ ఈ యంత్రం పనికిరాదు. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో మన సొంఠి కామేశం 1933లో తెచ్చిన సీసీఏ మందులో ఉండేవి రాగి, క్రోమియం, ఆర్సెనిక్. వాటిని ఎక్స్‌రేల లాంటి వేరే దారుల్లో కొలుస్తారు.)

"ఇంతకీ పొట్టు ఎక్కడ తీశావు?" అంది మేనకోడలు. తెల్లచెక్క మందు తాగుతుంది, చేవ తాగనివ్వదు. పైపైన గీకితే అంకె ఘనంగా వస్తుంది, లోపల తవ్వితే ఏమీ ఉండకపోవచ్చు. రెండూ కలిపి పొడి కొడితే సగటు ఫర్వాలేదనిపిస్తుంది.

వెళ్లి చూశాను. చెద దిగింది సరిగ్గా గుమ్మం కాలు నేలలో దిగిన చోట.

"మేస్త్రీ, మందు పట్టించాక కోశావా, కోశాక పట్టించావా?"

తల గోక్కున్నాడు. "కొలత ఎక్కువైతే కింద రెండంగుళాలు కోశాను సార్."