సీమ పాటకు గిరాకీ లేదంటారా?

ఎఫ్.ఎం. రేడియోలో సినిమా పాట తప్ప మరోటి నడవదంట! నగరిలాంటి ఊళ్లో జానపదం ఎవరు వింటారని వెక్కిరింపు. మేమడుగుతున్నాం: ఎప్పుడన్నా వినిపించి చూశారా?

ద్రౌపదమ్మ తిరునాళ్లలో తెల్లవార్లూ వీధినాటకం చూసేదెవరు? గంగజాతరలో పలక దెబ్బకు చిందేసేదెవరు? పండరి భజన చుట్టూ మూగేదెవరు? ఆ జనం గిరాకీ కాదా? ప్రకటనలిచ్చే కంపెనీల లెక్కలో మరమగ్గాల కార్మికుడు లేడు. అందుకే అతని పాటా లేదు.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టే తేల్చింది. 2006లో కేంద్రం స్వచ్ఛంద సంస్థలకు సామాజిక రేడియో లైసెన్సులకు దారి తెరిచింది. 2008లో మెదక్ జిల్లా మాచునూరులో దళిత మహిళలు సంఘం రేడియో పెట్టి చూపించారు. వాళ్ల పాట, వాళ్ల యాసే అక్కడ సరుకు. 100 వాట్ల ట్రాన్స్‌మీటరుంటే నగరి, ఏకాంబరకుప్పం, చుట్టు పల్లెలు వింటాయి.

1937 శ్రీబాగ్ ఒడంబడికలో నీళ్లు రాసిచ్చి ఎగ్గొట్టారు. పాట కూడా పోగొట్టుకుందామా? విద్యార్థులారా, ఉద్యోగులారా! మూడేండ్లు నిండిన రిజిస్టర్డు సంస్థను ముందు పెట్టి దరఖాస్తు చేయించండి. రాష్ట్రం వచ్చేదాకా ఆగే పని కాదిది. సొంత గొంతు లేనోళ్లకు సొంత రాష్ట్రం ఎవరిస్తారు?