యాత్రికుని కెమెరా

ప్రకృతి దృశ్యాన్ని చిత్రంగా పట్టి నిలుపుకోవాలన్న కోరిక కెమెరా పుట్టిననాటిదే. పంతొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దాలలో హైదరాబాదు ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడుగా ప్రసిద్ధికెక్కిన రాజా దీన్‌దయాళ్ కోటలను, రాజప్రాసాదాలను చిత్రించినది బరువైన కెమెరాతో, గాజు పలకలతో. 1927లో అమెరికాలోని యోసెమిటీలో ఆన్సెల్ ఆడమ్స్ హాఫ్‌డోమ్ శిఖరాన్ని చిత్రించిన నాడు కూడా పరికరం అటువంటిదే. చేతిలో మిగిలినవి ఒకటి రెండు పలకలే అయినప్పుడు ఆయన ఆలోచించింది కెమెరా గొప్పతనాన్ని గురించి కాదు. ఆకాశం ఎంత నల్లగా కనిపించాలన్న దానిని గురించి. అందుకే కటకానికి ఎర్రని ఫిల్టర్ తొడిగాడు.

నేటి యాత్రికునికి గాజు పలకల బరువు లేదు. దానికి బదులు ఎంపిక అనే బరువు వచ్చిపడింది. దుకాణంలో అడుగుపెట్టిన యువకుడు మొట్టమొదట అడిగే ప్రశ్న, "ఎన్ని మెగాపిక్సెళ్లు?" అని. ఏడాదిపాటు కూడబెట్టిన సొమ్మంతా కెమెరాకే వెచ్చించి, దానితోపాటు వచ్చిన కటకంతో సరిపెట్టుకొని ఇంటికి చేరుతాడు. ఈ వరుస తలకిందులైనది. ముందు తిరగబోయే చోటు, తరువాత దానికి తగిన కటకం, ఆ పిమ్మటనే కెమెరా నిర్ణయం కావాలి.

అద్దంలేని కెమెరాకు, అనగా మిర్రర్‌లెస్ కెమెరాకు ఇంత ఆదరణ రావడానికి కారణం లేకపోలేదు. పాత ఎస్.ఎల్.ఆర్. కెమెరాలో కటకం గుండా వచ్చిన కాంతి ఏటవాలు అద్దంపై పడి, పైకి మళ్లి కంటిని చేరుతుంది. మీట నొక్కగానే ఆ అద్దం పైకి లేస్తుంది. కొత్త కెమెరాలో ఆ అద్దమే లేదు. సెన్సర్ చూసినదే చిన్న తెరపై కంటికి కనబడుతుంది. 2008లో పానసోనిక్ జి1తో ఈ మార్గం బలపడింది. 2013లో సోనీ ఫుల్‌ఫ్రేమ్ కెమెరాను ఈ పద్ధతిలో తెచ్చింది. 2018లో కానన్, నికాన్ సంస్థలు ఫుల్‌ఫ్రేమ్‌లోను ఇదే దారి పట్టాయి. నికాన్ పాత కెమెరాలో కటకాన్ని బిగించే అంచుకు, సెన్సర్‌కు నడుమ దూరం 46.5 మిల్లీమీటర్లు, కొత్తదానిలో 16 మాత్రమే. అద్దం పోయినందువల్ల కెమెరా పలచబడింది. సూర్యాస్తమయం వేళ ఆకాశం తెల్లబారిపోతున్నదో లేదో మీట నొక్కకముందే తెలిసిపోతుంది. అయితే తెర ఎల్లవేళలా వెలుగుతూ ఉండడం వల్ల బ్యాటరీ త్వరగా తరుగుతుంది. రెండవ బ్యాటరీ లేకుండా యాత్రకు బయలుదేరడం తెలివైన పని కాదు.

ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ కొలత 36 × 24 మిల్లీమీటర్లు. దానికన్న చిన్నది ఎ.పి.ఎస్.-సి. చీకటిలో నక్షత్రాలను పట్టదలచినవారికి పెద్ద సెన్సర్ మేలు చేస్తుంది, సందేహం లేదు. పగటి వెలుగులో కొండను, చెరువును చిత్రించే విద్యార్థికి ఆ తేడా సామాన్యంగా కంటికి ఆనదు. 24 మెగాపిక్సెళ్ల చిత్రంలో నిలువునా అడ్డంగా 4000, 6000 చుక్కలుంటాయి. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చువేస్తే అది 20 అంగుళాల వెడల్పు పటమవుతుంది. అంతకన్న పెద్ద పటం ఎందరి ఇళ్ల గోడలకు వేలాడుతున్నది?

కటకం విషయంలో మరొక భ్రమ ఉన్నది. ప్రకృతి దృశ్యం విశాలమైనది కనుక దానికి విశాలకోణ కటకమే తగినదని పలువురి నమ్మకం. గండికోట అంచున నిలిచి, పెన్నానది ఎర్రమల కొండలను కోసిన లోయను 16 మిల్లీమీటర్ల కటకంతో చూస్తే పాదాల ముందున్న బండ ఏనుగంత అవుతుంది. ఎదుటనున్న మహత్తర శిలాకుడ్యం సన్నని గీతగా మారిపోతుంది. ముందుభాగంలో చూడదగినది ఏదైనా ఉన్నప్పుడే ఆ కోణం రాణిస్తుంది. రాతి పొరలపై సాయంకాలపు నీడలను పట్టాలంటే 70 నుంచి 100 మిల్లీమీటర్ల కటకమే సాధనం. అందువల్ల తొలి కెమెరా కొనేవారికి విశాలకోణం నుంచి కొద్దిపాటి దూరదృష్టి వరకు సాగే ఒక్క జూమ్ కటకం చాలు.

ఎఫ్/2.8 కటకాల మోజు కూడా ఇటువంటిదే. కాంతిని విస్తారంగా లోనికి రానిచ్చే ఆ కటకం వెల ఎక్కువ, బరువు ఎక్కువ. దగ్గరి బండ, దూరపు కొండ రెండూ స్పష్టంగా కనిపించాలని కోరే ప్రకృతి చిత్రకారుడు దానిని ఎలాగూ ఎఫ్/8కో, ఎఫ్/11కో కుదించే వాడుతాడు. వాడని వెడల్పుకు వెల చెల్లించడం ఎందుకు? ఎఫ్/4 కటకం తక్కువ బరువుతోనే ఆ పని చేస్తుంది. అలాగని ఎఫ్/22 దాకా పోరాదు. రంధ్రం మరీ చిన్నదైతే కాంతి దాని అంచుల వద్ద వంగి, చిత్రం మసకబారుతుంది.

మిగిలిన సొమ్ముతో గట్టి ముక్కాలిపీట కొనడం ఉత్తమం. ఆదిలాబాద్ జిల్లా కుంటాల జలపాతాన్ని పాలధారవలె చూపాలంటే మీట తెరచి ఉండే కాలం సుమారు అరసెకను కావాలి. ఎండలో, ఐ.ఎస్.ఓ. 100, ఎఫ్/16 వద్ద అది సెకనులో నూరవ వంతే; కనుక కాంతిని యాభయ్యవ వంతుకు తగ్గించే బూడిదరంగు ఫిల్టర్ కూడా తప్పదు. చేయి వణకకుండా కెమెరాలో అమర్చిన స్థిరీకరణ ఎంత మెరుగైనా ముక్కాలిపీటకు సాటిరాదు. పాపికొండల నడుమ సాగే లాంచీ మీద మాత్రం ఈ పీట నిరుపయోగం. అక్కడ కదిలేది చేయి కాదు, లాంచీయే. సెకనులో 250వ వంతుకు తగ్గని వేగమే శరణ్యం.

విశాఖ తీరానికి పోయేవారు మరొకటి గమనించాలి. ఎ.సి. గదిలో చల్లబడిన కెమెరాను ఒక్కసారిగా తేమగాలిలోకి తెస్తే కటకంపై ఆవిరి పడుతుంది. తుడిచినకొద్దీ మళ్లీ పడుతుంది. బయలుదేరడానికి అరగంట ముందే సంచిని మూసి ఉంచి వరండాలో పెడితే, సూర్యోదయం వేళకు కటకం తేటగా ఉంటుంది.