పల్లెకు వైద్యుడు వస్తే చాలదు, నిలవాలి

ముస్లిములు గణనీయంగా నివసించే పెద్ద గ్రామాల్లో దాదాపు 40 శాతం ఊళ్లకు ఏ వైద్య సౌకర్యమూ లేదని 2006లో సచార్ కమిటీ తేల్చింది. ఆసుపత్రి భవనం వెలసిన చోటనైనా వైద్యులుంటున్నారా? 2022 నాటి కేంద్ర గణాంకాల ప్రకారం, గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాలకు కావలసిన నిపుణ వైద్యుల్లో సుమారు 80 శాతం కొరత ఉన్నది. ప్రసూతి నిపుణులు లేనిచోట నొప్పులతో వచ్చిన తల్లిని పట్టణానికి పంపడమే వైద్యమవుతోంది.

నిర్బంధ సేవా బాండ్లతోనే ఈ లోటు తీరదని మేము భావిస్తున్నాము. గడువు ముగియగానే వైద్యులు పట్టణం దారి పట్టవచ్చు. గ్రామీణ నేపథ్యమున్న విద్యార్థులను వైద్యవిద్యలో చేర్చుకోవాలనీ, పల్లెల్లో పనిచేసేవారికి మెరుగైన నివాసం, పిల్లల చదువు, పదోన్నతి కల్పించాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే సూచించింది. తెలుగు నేలపై 2007లో వచ్చిన 4 శాతం రిజర్వేషన్ మన పేదబిడ్డలకు వైద్య కళాశాలల తలుపులు తెరిచింది. పల్లెల నుంచి వచ్చిన ఆ బిడ్డలను, ముఖ్యంగా ఆడపిల్లలను, ఉపకార వేతనమిచ్చి చదివించి, వారు కోరుకుంటే సొంత ప్రాంతంలోనే నియమించాలని ప్రభుత్వాలను కోరుతున్నాము.

జమాఅత్ పెద్దలకూ ఒక మనవి. ఊరికి వచ్చిన డాక్టరమ్మకు భద్రమైన అద్దె ఇల్లు, రాత్రివేళ ఆసుపత్రికి తోడు సమకూర్చే పనిని మస్జిద్ కమిటీలు స్వీకరించాలి. అది ఏ జీవో కోసమూ ఆగవలసిన పని కాదు.