తొండ ముదిరితే ఊసరవెల్లి కాదు

"తొండ ముదిరితే ఊసరవెల్లి" అని మన ఊళ్ళల్లో సామెత. చెడ్డవాడు ఇంకా చెడిపోయాడని చెప్పడానికి వాడతారు. మనుషుల సంగతి ఎలా ఉన్నా, ఇందులోని జీవశాస్త్రం మాత్రం తప్పు. తొండ ఎంత ముదిరినా తొండే. ఊసరవెల్లి గుడ్డులోంచి వచ్చిన రోజు నుంచీ ఊసరవెల్లే. రెండూ వేరువేరు కుటుంబాల ప్రాణులు.

గుర్తుపట్టడం కష్టం కాదు. తొండకు అయిదు వేళ్ళూ విడివిడిగా ఉంటాయి. తోక పొడుగ్గా ఉంటుంది గాని కొమ్మకు చుట్టుకోదు. అలికిడైతే తుర్రుమంటుంది. ఊసరవెల్లి వేళ్ళు ఒకవైపు రెండు, మరోవైపు మూడు కలిసిపోయి పటకారులా కొమ్మను పట్టుకుంటాయి. తోక చుట్ట చుట్టుకుంటుంది. ఒక కన్ను ముందుకు చూస్తుంటే రెండోది వెనక్కు చూడగలదు. నాలుక ఒంటి పొడవును మించి సాగి పురుగును అందుకుంటుంది. నడక ఊగుతూ, నెమ్మదిగా ఉంటుంది. ప్రపంచంలో 200కు పైగా ఊసరవెల్లి జాతులుంటే, మన దేశంలో సహజంగా ఉన్నది ఒక్కటే. దాని శాస్త్రీయ నామం కెమేలియో జైలానికస్.

ఇది కరిస్తే చస్తారని భయపడి రాళ్ళతో కొట్టేవాళ్ళు ఉన్నారు. దీనికి విషం లేదు. కొట్టనివాళ్ళు పట్టుకుని, దారం కట్టి, ఎర్రగుడ్డ మీద పెట్టి ఎర్రబడుతుందేమోనని చూస్తారు. అది గుడ్డను చూసి రంగు మార్చదు. ఎండ, చలి, భయం, కోపం, ఎదురుపడిన మరో ఊసరవెల్లి, ఇవీ ముఖ్య కారణాలు. చర్మంలోని అతి సూక్ష్మ స్ఫటికాల మధ్య దూరం మారినప్పుడు రంగు మారుతుందని 2015లో జెనీవా శాస్త్రజ్ఞులు మడగాస్కర్ ఊసరవెల్లిలో చూపించారు. మన చేతిలో అది నల్లబడితే మనం వినోదం అనుకుంటాం. చాలాసార్లు అది భయం.

సీసాలోనో అట్టపెట్టెలోనో పెంచుదామనుకునే మిత్రులకు ఒక మాట. గిన్నెలో నీళ్ళు పెట్టినా అది సాధారణంగా తాగదు. ఆకుల మీది చుక్కలు తాగుతుంది. బతికి కదిలే పురుగులు కావాలి. ఎండ తగలకపోతే ఎముకలు మెత్తబడతాయి. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇది రక్షిత జంతువు. పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం, అమ్మడం నేరం.

"దగ్గర పెట్టుకోకుండా ఎలా నేర్చుకుంటాం?" అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పెట్టెలో పెట్టినది ఎలా చస్తుందో తెలుస్తుంది గాని, ఎలా బతుకుతుందో తెలియదు. ఒక నోటుబుక్కు చాలు. ఏ తేదీన, ఏ చెట్టు మీద, ఏ వేళకు, ఏ రంగులో కనబడిందో రాయండి. పదేళ్ళు రాస్తే, మన తరువాత వచ్చే తమ్ముళ్ళకు ఏ పుస్తకంలోనూ దొరకని పాఠం అవుతుంది.

ఇదంతా పనిలేని ముచ్చట అని కొందరు అనుకోవచ్చు. మనలో చాలామంది అమ్మానాన్నలు మిరప కోతలకు, పత్తి తీతలకు వెళ్ళేవాళ్ళే. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేస్తే గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021లో నల్ల తామర పురుగు మిరపను ముంచింది. పురుగు వచ్చిన ప్రతిసారీ మందు పెంచాం. మందు శత్రువునూ మిత్రుడినీ వేరు చేయదు. పురుగును తినే ప్రాణి మీదా పడుతుంది, పంపు మోసే కూలీ మీదా పడుతుంది. ఊసరవెల్లి ఒక్కటే పంటను కాపాడుతుందని నేననను. కానీ గట్టు మీద తుమ్మచెట్టూ, కంచె మీద తీగా, వాటి మధ్య ఊసరవెల్లీ మిగిలిన చేలో గాలి మన అమ్మానాన్నలకూ కొంత మేలే.

మనల్ని చూడకుండానే, మన ఊరివైపు చూసి, వాడ పేరు విని, మనం ఎలాంటివాళ్ళమో తేల్చేసినవాళ్ళు మనకు కొత్త కాదు. ఆ బాధ తెలిసినవాళ్ళం, ఒక ప్రాణి మీద రాయి ఎత్తేముందు దాని వేళ్ళూ తోకా ఒకసారి చూడలేమా?

ఈసారి సెలవులకు ఊరెళ్ళినప్పుడు గట్ల మీద చూడండి. కనబడితే పట్టకండి, కొట్టనివ్వకండి. తేదీ రాసుకుని రండి. హాస్టల్లో ఆ నోటుబుక్కు మనమే మొదలుపెడదాం.