బూజుకు పేడ మందా?

2021 మే నెలలో, కోవిడ్ రెండో విడత ఉధృతంగా ఉన్న రోజుల్లో, గుజరాత్‌లో కొందరు గోశాలలకు వెళ్ళి ఒంటినిండా ఆవు పేడ, మూత్రం పూసుకున్నారు. అవి ఆరాక పాలతో, మజ్జిగతో కడుక్కున్నారు. రోగనిరోధక శక్తి పెరుగుతుందని వారి నమ్మకం. ఆ నెలలోనే తెలంగాణ ప్రభుత్వం బ్లాక్ ఫంగస్‌ను 1897 నాటి అంటువ్యాధుల చట్టం కిందికి తెచ్చింది. మ్యూకర్‌మైకోసిస్ అనే ఆ జబ్బును తెచ్చేవి రైజోపస్, మ్యూకర్ వంటి బూజులు. పాచిపోయిన రొట్టె, కుళ్ళిన ఆకులు, పశువుల పేడ వాటికి పుట్టిళ్ళు. శుద్ధి చేస్తుందని పూసుకున్నదే ఆ బూజు పెరిగే చోటన్నమాట. అలాగని జబ్బంతా పేడ వల్లే వచ్చిందనడం కూడా నమ్మకమే అవుతుంది, రుజువు కాదు. ఈ బూజుల బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, అందరమూ రోజూ పీలుస్తూనే ఉంటాం. మరి కొందరి ఊపిరితిత్తుల్లోనే ఎందుకు మొలకెత్తుతాయి? అడగాల్సిన ప్రశ్న ఇది.

జవాబు రక్తంలో ఉంది. ఆరోగ్యవంతుడి ఊపిరితిత్తుల్లోకి చేరిన బీజాలను అక్కడి రక్షక కణాలు మింగి అణచేస్తాయి. షుగర్ అదుపు తప్పితే ఆ కణాలు చురుకు కోల్పోతాయి. కోవిడ్ చికిత్సలో ఇచ్చే స్టెరాయిడ్ వాటిని ఇంకా మందగింపజేస్తుంది, పైగా షుగర్‌ను పెంచుతుంది. షుగర్ బాగా ముదిరి రక్తం ఆమ్లంగా మారితే, ప్రోటీన్లు పట్టి ఉంచిన ఇనుము విడివడి బూజుకు ఆహారమవుతుంది. అప్పుడది రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయి వాటిని మూసేస్తుంది. రక్తం అందని కండ చచ్చి నల్లబడుతుంది. జ్వరం, ఛాతీనొప్పి, కఫంలో రక్తం కనబడితే చాలామంది టీబీ అనో న్యుమోనియా అనో అనుకుంటారు. దిష్టి, గ్రహదోషం, కర్మఫలం అన్న మాటల్లో దేనికీ ఈ వరుసలో చోటు లేదు.

‘స్టెరాయిడ్ ఇచ్చింది ఇంగ్లీషు వైద్యమే కదా’ అని కొందరు ఎదురు ప్రశ్న వేస్తారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ మందు హద్దులు చెప్పిందీ ఆ వైద్యమే. ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగులకు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్‌ను రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున, గరిష్ఠంగా 10 రోజులు ఇస్తే మరణాలు తగ్గుతాయని, ఆక్సిజన్ అక్కర్లేనివారికి మేలు లేదని బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్ష 2020 జూన్‌లోనే తేల్చింది. ఆ హద్దు దాటి, షుగర్ చూడకుండా ఎడాపెడా వాడినవారిది తప్పు. ఆ తప్పును పట్టిచ్చింది కూడా లెక్కలే, పరీక్షలే. పేడకు అలాంటి పరీక్ష ఎవరు పెట్టారు?

‘నాటుమందు మేలు చేయకపోయినా కీడు చేయదు’ అన్నది మరో మాట. ఆయాసానికి, కీళ్ళ నొప్పులకు అమ్మే పేరులేని పొడుల్లో, బిళ్ళల్లో స్టెరాయిడ్లు కలిపినట్టు ల్యాబ్ పరీక్షల్లో ఎన్నోసార్లు బయటపడింది. నొప్పి పూటలో మాయమైతే ఆకుల మహిమ అనుకుంటాం, లోపల షుగర్ ఎగబాకుతుంటుంది. పసరు ఏమీ చేయకపోయినా కాలాన్ని తినేస్తుంది. ఈ బూజు విషయంలో రోజులే ప్రాణం: బూజును చంపే మందు యాంఫోటెరిసిన్ ఆలస్యమైనకొద్దీ బతికే అవకాశం తగ్గిపోతుంది.

షుగర్ ఉండి స్టెరాయిడ్ వాడుతున్నవారు ఇంట్లో ఉంటే రోజూ షుగర్ చూడండి. డాక్టర్‌ను అడగకుండా ఆ మందును ఒక్కసారిగా ఆపకండి, అదీ ప్రమాదమే. తగ్గని జ్వరం, కఫంలో రక్తం కనబడితే తాయెత్తు కోసం ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.